ఎలక్ట్రిక్ కారుకు పోర్టబుల్ ఛార్జర్ కొంటున్నారా? ముందు గోడ చూడండి

ఎలక్ట్రిక్ కారు బుక్ చేసినవాళ్లు, ఇంటి ప్లగ్‌కు పెట్టి కారుకు తగిలించే, వెంట తీసుకెళ్లగలిగే పోర్టబుల్ ఛార్జర్ కోసం వెతకడం మొదలుపెడితే ముందు తట్టే ప్రశ్నలు ఇవే: 3.3 కిలోవాట్లది తీసుకోవాలా, 7.4 కిలోవాట్లదా? యాప్ ఉన్నదా, లేనిదా? ఇవి ఆఖర్న తేల్చుకోవాల్సిన సంగతులు. ఛార్జర్ పెట్టె ఎంత ఖరీదైనదైనా, మీ పార్కింగ్ గోడకున్న ప్లగ్ పాయింటు, దాని వెనక వైరు, భూమిలోని ఎర్తింగ్ సహకరించినంతే పనిచేస్తుంది. కాబట్టి ముందు మీ అవసరం లెక్కేసుకోండి. తర్వాత గోడ, ఆపైన కారు చూడండి. పెట్టె సంగతి చివరికి.

ముందు కిలోమీటర్లు లెక్కేయండి

మియాపూర్‌లో ఉండి హైటెక్ సిటీలో ఉద్యోగం చేసేవారైనా, గాజువాక నుంచి విశాఖలోకి వెళ్లొచ్చేవారైనా రోజుకు తిరిగేది మహా అయితే 30, 40 కిలోమీటర్లు. మన రోడ్ల మీద మామూలు సైజు ఎలక్ట్రిక్ కారు యూనిట్‌కు 6 నుంచి 7 కిలోమీటర్లు నడుస్తుంది. అంటే రోజూ బ్యాటరీలోకి తిరిగి ఎక్కించాల్సింది 6 యూనిట్లు.

ఇప్పుడు ప్లగ్ వైపు నుంచి చూద్దాం. 230 వోల్టుల దగ్గర 10 ఆంప్స్ లాగితే 2.3 కిలోవాట్లు. రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా, 8 గంటల్లో 18 యూనిట్లు గోడలోంచి వస్తాయి. దారిలో వేడి రూపంలో పది, పన్నెండు శాతం పోయినా 16 యూనిట్లు బ్యాటరీలో చేరతాయి. అంటే వంద కిలోమీటర్లు. అదే 6 ఆంప్స్ మీద పెట్టినా పొద్దునకి 55, 60 కిలోమీటర్ల సరుకు ఉంటుంది. 15 ఆంప్స్ మీద అయితే 150 దాకా వెళ్తుంది.

ఈ లెక్క ముందు వేసుకుంటే సగం అయోమయం పోతుంది. "నెక్సాన్ ఈవీ 45 యూనిట్ల బ్యాటరీ, ఇంటి ప్లగ్ మీద గంటల తరబడి పడుతుందట కదా" అని భయపడేవాళ్లు చాలామంది. పడుతుంది, కానీ అది దాదాపు ఖాళీ నుంచి నిండుగా ఎక్కించడానికి. మీరు రోజూ ఖాళీ చేసుకొని ఇంటికి రారు. క్యాబ్ నడిపేవారికి, ఒకే పాయింటు మీద రెండు కార్లు ఉన్నవారికి, హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లొచ్చి మర్నాడు పొద్దున్నే మళ్లీ బయల్దేరాల్సినవారికి 7 కిలోవాట్ల ఛార్జర్ నిజంగా ఉపయోగం. మిగతావారికి అది డబ్బు పెట్టి కొనుక్కునే ధీమా. తప్పని అనను గానీ, ఆ డబ్బులో కొంత వైరింగ్ మీద పెడితే మరింత ధీమాగా నిద్రపోవచ్చు.

తర్వాత గోడ

"మా ఇంట్లో గీజరు 2 కిలోవాట్లు, ఏసీ 2 కిలోవాట్లు. ఆ పాయింట్లు తట్టుకున్నప్పుడు ఛార్జర్‌కేం?" ఇది ఎలక్ట్రీషియన్లు కూడా అనే మాట. గీజరు పావుగంట నడిచి కట్ అవుతుంది. ఏసీ కంప్రెసర్ కాసేపు నడుస్తుంది, కాసేపు ఆగుతుంది. కారు అలా కాదు. 15 ఆంప్స్ అంటే 15 ఆంప్సే, ఊపిరి తీసుకోకుండా 6, 8 గంటలు లాగుతుంది. మెయిన్ బోర్డులో గానీ, సాకెట్ వెనక గానీ ఒక్క స్క్రూ కాస్త వదులుగా ఉన్నా ఆ చోట వేడి పేరుకుంటూ పోతుంది.

పాడైన పాయింటు ఎలా ఉంటుందో ఒక్కసారి చూస్తే మళ్లీ మర్చిపోరు. పైకి సాకెట్ తెల్లగా బాగానే ఉంటుంది. ప్లగ్ లాగితే గట్టిగా పట్టేసినట్టు వస్తుంది. మూడు పిన్నుల్లో ఒకటి మాత్రం రంగు మారి, దాని చుట్టూ ప్లాస్టిక్ గోధుమరంగులోకి తిరిగి, చేప కుళ్లినట్టు ఒక వాసన. కారు తెరమీద అప్పటిదాకా ఏ హెచ్చరికా ఉండదు, ఎందుకంటే కారుకు సాకెట్ కనిపించదు.

కాబట్టి ఇలా చేయించండి. మెయిన్ బోర్డు నుంచి పార్కింగ్ దాకా ఛార్జర్ కోసమే విడిగా ఒక లైను లాగించండి. మధ్యలో ఎక్కడా జాయింటు వద్దు, దాని మీద వేరే లైటు, మోటారు వద్దు. 16 ఆంప్స్ ఛార్జర్‌కు 2.5 స్క్వేర్ (చదరపు మిల్లీమీటర్ల మందం) రాగి వైరు సరిపోతుందని షాపులో చెబుతారు; దూరం తక్కువైతే నడుస్తుంది కూడా. కానీ 4 స్క్వేర్ వేయించుకోండి. రెండింటికీ ధరలో తేడా ఒకసారి ఇచ్చేదే, వేడిలో తేడా రోజూ ఉంటుంది. 32 ఆంప్స్ (7.4 కిలోవాట్ల) ఛార్జర్ తీసుకునేట్టయితే 6 స్క్వేర్‌కు తగ్గకూడదు. సెల్లార్‌లో మీటర్ బోర్డు ఒక మూల, మీ పార్కింగ్ ఇంకో మూల అయితే 10 స్క్వేర్ అడగండి. 16 ఆంప్స్ లైనుకు 20 ఆంప్స్ ఎంసీబీ (లోడు మించితే తనంతట తానే పడిపోయే స్విచ్), 32 దానికి 40 ఆంప్స్‌ది, రెండింటికీ 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే పడిపోయే స్విచ్). పాత ఇళ్లలో మీటరు నుంచి మెయిన్ బోర్డుకు వచ్చే వైరు అల్యూమినియంది అయి ఉంటుంది, ఆ జాయింట్లు తప్పకుండా చూపించండి.

సాకెట్ విషయంలో పిసినారితనం పనికిరాదు. 6, 16 ఆంప్స్ రెండు రకాల ప్లగ్గులూ పట్టే కలగలుపు సాకెట్లు మన ఇళ్లలో ఎక్కువ. లోపలి రేకు రెండు సైజుల పిన్నులనూ పట్టుకోవాలి కాబట్టి దేన్నీ గట్టిగా పట్టుకోదు. ఛార్జర్‌కు 16 ఆంప్స్ మాత్రమే పట్టే మంచి కంపెనీ సాకెట్ వేయించండి. నీలం రంగులో గుండ్రంగా ఉండే ఇండస్ట్రియల్ సాకెట్ ఇంకా మేలు, అది పిన్నులను బిగించి పట్టుకుంటుంది. దానికి తగిన ప్లగ్‌తోనే వచ్చే ఛార్జర్లు దొరుకుతాయి, ఆర్డర్ చేసేటప్పుడే అడగండి. కంపెనీ ఇచ్చిన మూడు పిన్నుల ప్లగ్ కోసి ఇంకోటి తగిలిస్తే వారంటీ గాల్లో కలుస్తుంది.

ఎక్స్‌టెన్షన్ బాక్స్ గురించి ఒక్క మాట చాలు: వద్దు.

ఎర్తింగ్ లేని పాయింటుకు ఏ ఛార్జరూ పనికిరాదు

కొత్త ఛార్జర్ తెచ్చి ప్లగ్ పెట్టగానే ఎర్రలైటు వెలిగితే "పీసు డిఫెక్ట్" అని వెనక్కి పంపేవాళ్లున్నారు. చాలాసార్లు పెట్టె బాగానే ఉంటుంది. అది చెబుతున్న విషయం వేరు: మీ ఇంటికి ఎర్తింగ్ లేదు, లేదా ఫేజు, న్యూట్రల్ తారుమారయ్యాయి. ఫ్యానుకు, టీవీకి ఈ తేడా తెలియదు కాబట్టి ఏళ్ల తరబడి ఎవరూ పట్టించుకొని ఉండరు.

ఎలక్ట్రీషియన్‌ను పిలిచి మల్టీమీటర్‌తో మూడు కొలతలు మీ ముందే తీయించండి. ఫేజు, న్యూట్రల్ మధ్య 230 దరిదాపుల్లో ఉండాలి. ఫేజు, ఎర్త్ మధ్య కూడా దాదాపు అంతే రావాలి. న్యూట్రల్, ఎర్త్ మధ్య 2, 3 వోల్టులకు మించకూడదు. ఆ మూడోది 10, 20 చూపిస్తుంటే ఎర్తింగ్ బలహీనంగా ఉన్నట్టే. వీలైతే ఇంట్లో గీజరు, ఏసీ ఆన్ చేసి ఇంకోసారి కొలవమనండి. ఏ లోడూ లేనప్పుడు వచ్చే కొలత మరీ మర్యాదగా ఉంటుంది. వేసవిలో ఎర్త్ గుంత ఎండిపోయి కొలత మారడం కూడా మామూలే. ఏప్రిల్, మే నెలల్లో గుంతలో నీళ్లు పోయడం పాతకాలపు అలవాటే అయినా మంచి అలవాటు. ఇల్లు కట్టి చాలాకాలమైతే కొత్తగా ఒక కెమికల్ ఎర్తింగ్ (చుట్టూ రసాయన పొడి నింపి పాతే ఎర్త్ రాడ్డు) వేయించుకోవచ్చు.

ఇక్కడ ఒక దొంగదారి ఉంది. ఎర్తింగ్ లేకపోయినా ఛార్జర్‌ను నమ్మించే చిన్న అడాప్టర్లు అమ్ముతుంటారు. కొందరు ఎలక్ట్రీషియన్లయితే సాకెట్ లోపలే న్యూట్రల్‌కు, ఎర్త్‌కు ముక్క వైరుతో ముడివేసి, "సార్, సెట్ అయిపోయింది" అంటారు. పచ్చలైటు వెలుగుతుంది, ఛార్జింగూ ఎక్కుతుంది. కానీ ఏదో ఒకరోజు స్తంభం దగ్గరో, మెయిన్ బోర్డులోనో న్యూట్రల్ తెగితే, కరెంటు ఆ ముక్క వైరు గుండా కారు బాడీకి వచ్చేస్తుంది. తడి నేల మీద చెప్పుల్లేకుండా నిలబడి డోర్ పట్టుకున్నవారి పరిస్థితి ఊహించుకోండి. అలా ముడేస్తానన్న ఎలక్ట్రీషియన్‌కు టీ ఇచ్చి పంపించేయండి.

కారు ఎంత తీసుకోగలదు?

గోడలోంచి వచ్చే ఏసీ కరెంటును బ్యాటరీకి కావాల్సిన డీసీ కరెంటుగా మార్చే అసలు యంత్రం కారు లోపలే ఉంటుంది. బయటి పెట్టె చేసే పని, భద్రంగా కరెంటు అందించడం, ఎంత లాగాలో కారుకు చెప్పడం. కాబట్టి కారు లోపలి యంత్రం 3.3 కిలోవాట్లదైతే మీరు 7.4 పెట్టె తగిలించినా ఎక్కేది 3.3 మాత్రమే. ఒకే మోడల్‌లో కూడా వేరియంట్‌ను బట్టి ఇది మారుతుంది. టియాగో ఈవీ, ఎంజీ కామెట్ లాంటి చిన్న కార్లలో 3.3 వేరియంట్లూ ఉన్నాయి, 7 పైచిలుకువీ ఉన్నాయి. బ్రోచర్‌లో "ఆన్‌బోర్డ్ ఛార్జర్" అన్న గడి వెతికి మీ వేరియంట్ ముందు ఏముందో చూడండి. క్రెటా ఎలక్ట్రిక్ లాంటివి 11 కిలోవాట్లు తీసుకుంటాయి గానీ దానికి త్రీ ఫేజ్ కావాలి.

గన్ (కేబుల్ చివర కారుకు తగిలించే భాగం) విషయానికొస్తే, ఇప్పుడు మన దగ్గర అమ్ముతున్న కార్లకు దాదాపుగా టైప్ 2 అనే రకం ఒక్కటే. పైన రెండు చిన్న పిన్నులు, కింద ఐదు పెద్దవి, మొత్తం ఏడు. చవకగా దొరుకుతోందని చైనా ప్రమాణమైన జీబీ/టీ గన్ ఉన్నది కొంటే అది కారుకు పట్టదు. అమెరికాలో ఉన్న పిల్లలు సెలవులకు వస్తూ ఛార్జర్ తెస్తామంటే అది కూడా వద్దనండి. అక్కడి గన్లు వేరు, ప్లగ్గు వేరు, మామూలు ఇంటి వోల్టేజీ 120. బాదంపప్పులు తెమ్మనండి చాలు.

కేబుల్ పొడవు తేల్చుకునే ముందు కారుకు ఛార్జింగ్ మూత ఎక్కడుందో చూసుకోండి. కామెట్‌కు, క్రెటా ఎలక్ట్రిక్‌కు ముక్కు మీద ఉంటుంది. నెక్సాన్‌కు వెనక, పెట్రోల్ కారుకు ట్యాంకు మూత ఉండే చోట. ముందుకు పెడతారా, రివర్స్‌లో పెడతారా అన్నదాన్ని బట్టి ప్లగ్ నుంచి మూత దాకా తాడుతో కొలిచి, నేలమీదుగా వెళ్లే వంపులకు ఇంకో మీటరు కలుపుకోండి. చాలా ఛార్జర్లు 5 మీటర్లవి వస్తాయి.

ఇప్పుడు పెట్టె

నా మటుకు నేను చూసే మొదటి గుణం, కరెంటు తగ్గించుకునే వీలు. 6, 8, 10, 13, 16 ఆంప్స్ అని బటన్ మీద మార్చుకోగలిగేది తీసుకోండి. మామూలు రోజుల్లో 10 మీద పెట్టుకుంటారు, అత్యవసరమైతే 16కి వెళ్తారు. అత్తగారి ఊరు వెళ్లినప్పుడు అక్కడి వైరింగ్ ఎలాంటిదో తెలియదు కాబట్టి 6 మీద పెట్టి హాయిగా పడుకుంటారు. పోర్టబుల్ ఛార్జర్ కొనడంలో ఉన్న అసలు లాభమే ఇది. ఇంటి మీద 3 కిలోవాట్ల సోలార్ ఉన్నవారు పగటిపూట ఎండకు తగ్గట్టు సర్దుకోవచ్చు కూడా.

రెండోది, లీకేజీ రక్షణ. పెట్టెలో 30 మిల్లీ ఆంపియర్ల ఏసీ లీకేజీతోపాటు 6 మిల్లీ ఆంపియర్ల డీసీ లీకేజీని కూడా పసిగట్టే ఏర్పాటు ఉందా అని అడగండి. కారు లోపలి యంత్రం పాడైతే డీసీ కరెంటు వెనక్కి లీకవ్వచ్చు. ఇళ్లలో ఉండే మామూలు ఆర్‌సీసీబీ దాన్ని గుర్తించదు సరికదా, దాని వల్ల మొద్దుబారి అసలు లీకేజీ వచ్చినప్పుడు పడిపోకుండా ఉండిపోతుంది. అమ్మేవారికి ఈ ప్రశ్న అర్థం కాకపోతే స్పెసిఫికేషన్ కాగితం పంపమనండి. కాగితమే లేదంటే ఆ ఛార్జర్ సంగతి అక్కడితో వదిలేయండి. ఇలాంటి పోర్టబుల్ పెట్టెలకంటూ ఉన్న అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 62752. మన దేశంలో ఈవీ ఛార్జింగ్ ప్రమాణాలు ఐఎస్ 17017 శ్రేణిలో ఉన్నాయి. పుణెలోని ఏఆర్‌ఏఐ, మానేసర్‌లోని ఐక్యాట్ లాంటి వాహన పరీక్షా సంస్థల టెస్ట్ రిపోర్టు ఉంటే ఇంకా నమ్మకం. పెట్టె మీద ఉత్త సీఈ (యూరప్ ప్రమాణాల గుర్తు) స్టిక్కరు ఉంటే దానికి అంత విలువ ఇవ్వక్కర్లేదు.

మూడోది, ప్లగ్గు లోపల వేడి కొలిచే సెన్సర్. సాకెట్ వేడెక్కితే ఇదే కరెంటు తగ్గిస్తుంది లేదా ఆపేస్తుంది. ఇందాక చెప్పిన గోధుమరంగు పిన్ను దాకా పోనివ్వని ఏర్పాటు ఇది. దీనికోసం కొంత ఎక్కువ పెట్టినా నష్టం లేదు.

ఐపీ 65, ఐపీ 67 అని పెద్ద అక్షరాల్లో వేస్తారు. దుమ్ము, నీళ్లు లోపలికి పోవని అర్థం. అది పెట్టెకు మాత్రమే. గన్‌కు వేరే రేటింగ్, గోడకు పెట్టే మూడు పిన్నుల ప్లగ్గుకైతే చాలావరకు ఏదీ ఉండదు. ఆరుబయట పార్కింగ్ అయితే సాకెట్‌కు మూతున్న డబ్బా పెట్టించి, దాన్ని మోకాలి ఎత్తుకన్నా పైన బిగించండి. రామగుండం, రెంటచింతల వైపు ఉండేవారు ఇంకో సంగతి చూసుకోవాలి. మే నెల ఎండలో పెట్టె నేరుగా వేడెక్కితే తనంతట తానే కరెంటు తగ్గించుకుంటుంది, లేదా ఆగిపోతుంది. నీడలో వేలాడదీయండి. వేలాడదీయడమంటే ప్లగ్గుకు కాదు, గోడకు ఒక కొక్కెం కొట్టి దానికి. పెట్టె బరువు ప్లగ్గు మీద పడితే కొన్ని నెలల్లో సాకెట్ వదులవుతుంది.

పల్లెల్లో సాయంత్రాలు వోల్టేజీ 180, 190కి పడిపోయే చోట, ఏ వోల్టేజీ నుంచి ఏ వోల్టేజీ దాకా పనిచేస్తుందో కాగితంలో చూడండి. కరెంటు పోయి వచ్చాక తనంతట తానే మళ్లీ మొదలవ్వాలి కూడా. లేకపోతే అర్ధరాత్రి ఒక్క క్షణం కరెంటు పోయినా పొద్దున కారు ఖాళీగానే ఉంటుంది.

యాప్ సంగతి. సెల్లార్‌లో ఫోన్ సిగ్నలే రాదు, ఇంటి వైఫై అంతకన్నా రాదు. ఎంత ఎక్కిందో కారు యాపే చెబుతుంది. పెట్టెకు చిన్న తెర, యూనిట్ల లెక్క, ఆలస్యంగా మొదలుపెట్టే టైమరు ఉంటే చాలు. వారంటీకి మాత్రం మీ ఊళ్లోనో దగ్గరి పట్టణంలోనో సర్వీస్ ఉందా అని కనుక్కోండి.

కారుతోపాటు కంపెనీయే పోర్టబుల్ కేబుల్ ఇస్తే, దాన్నే ఇంట్లో వాడుతూ ఒక నెల చూడండి. చాలామందికి రెండోది కొనే అవసరమే రాదు.

లోడు, బిల్లు, అపార్ట్‌మెంట్

కరెంటు బిల్లు మీద కాంట్రాక్టెడ్ లోడు (మీ కనెక్షన్‌కు మంజూరైన లోడు) ఎంతుందో చూడండి. అది 2, 3 కిలోవాట్లే ఉంటే ఛార్జర్ పెట్టేముందే డిస్కంకు (కరెంటు పంపిణీ సంస్థకు) దరఖాస్తు చేసి పెంచించుకోవడం మంచిది. నెలకు వెయ్యి కిలోమీటర్లు తిరిగితే బిల్లులో 160, 170 యూనిట్లు కొత్తగా చేరతాయి, అవి మీ పై స్లాబులో పడతాయి. 2022 టారిఫ్ ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 400 యూనిట్లు దాటాక యూనిట్ 9.75 రూపాయలు, తెలంగాణలో 800 దాటాక 10 రూపాయలు. ఇప్పటికే ఇంటి వాడకం ఎక్కువగా ఉన్నవారు ఈవీ ఛార్జింగ్‌కు విడిగా కనెక్షన్ తీసుకునే సంగతి ఆలోచించవచ్చు. 2024 ఫిబ్రవరిలో సవరించిన కేంద్ర నిబంధనలు వినియోగదారులకు ఆ వీలు కల్పించాయి. పొలం మోటారు సర్వీసు మీద మాత్రం కారు పెట్టకండి. ఇచ్చిన పనికి కాక వేరే పనికి వాడినట్టు లెక్క, జరిమానా పడుతుంది.

అపార్ట్‌మెంట్‌లో కామన్ మీటరు నుంచి లాగితే ముందు వాచ్‌మన్‌తో, ఆ తర్వాత అసోసియేషన్‌తో గొడవ ఖాయం. మీ ఫ్లాట్ మీటరు నుంచే పైపులో వైరు దింపించుకోండి, అసోసియేషన్‌కు ఒక ఉత్తరం రాసి పెట్టండి. జనరేటర్ లైను మీద, ఇంటి ఇన్వర్టర్ మీద ఈ పాయింటు పడకుండా చూడమని ఎలక్ట్రీషియన్‌కు గుర్తుచేయండి.

మొదటి రాత్రి

ముందు గోడకు ప్లగ్ పెట్టి స్విచ్ వేయండి. పెట్టె కొన్ని సెకన్లు తనను తాను పరీక్షించుకొని పచ్చలైటు చూపిస్తుంది. అప్పుడు గన్ కారుకు పెట్టండి. కారు, పెట్టె సంకేతాలు మోసే సన్నని పైలట్ వైరు మీద మాట్లాడుకుంటాయి, "టక్" మని పెట్టె లోపల రిలే (తనంతట తానే పడే స్విచ్) పడిన చప్పుడు వినిపిస్తుంది. ఆ చప్పుడు వచ్చేదాకా గన్‌లో అసలు కరెంటే ఉండదు. తీసేటప్పుడు దీనికి తిరగేసి: కారులో ఛార్జింగ్ ఆపి, గన్ తీసి, తర్వాతే గోడ స్విచ్. కరెంటు పారుతుండగా గోడ ప్లగ్ లాగితే పిన్ను దగ్గర నిప్పురవ్వ లేచి సాకెట్ రేకు కాలుతుంది.

మొదటిసారి 10 ఆంప్స్ మీద పెట్టి, ఒక గంట తర్వాత వెళ్లి ప్లగ్గును చేత్తో తాకి చూడండి. గోరువెచ్చగా ఉంటే సరే. నాలుగైదు సెకన్లు పట్టుకోలేనంత వేడిగా ఉంటే వెంటనే ఆపి, సాకెట్ విప్పించండి. బాగుంటే మర్నాడు 16 మీద ఇదే పరీక్ష. ఎంసీబీ దగ్గర కూడా చెయ్యి పెట్టి చూడండి.

ఒక నెల వాడాక మెయిన్ ఆపించి సాకెట్, ఎంసీబీ స్క్రూలు మళ్లీ బిగించమనండి. రోజూ వేడెక్కి చల్లారే చోట రాగి కాస్త సర్దుకొని స్క్రూలు వదులవుతాయి. ఆర్‌సీసీబీ మీద టెస్ట్ బటన్ ఉంటుంది, నెలకోసారి నొక్కండి. నొక్కగానే పడిపోవాలి. పడకపోతే ఆ రాత్రి ఛార్జింగ్ పెట్టకుండా, ముందు దాన్ని మార్పించండి.